ఫ్రేములు పెంచితే పేజీ ఫాల్ట్‌లు ఎందుకు పెరుగుతాయి?

అందరికీ నమస్కారం. బీటెక్ సీఎస్‌ఈ చదువుతున్నాను, ఈ సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉంది. పేజీ రీప్లేస్‌మెంట్ (మెమరీ నిండినప్పుడు ఏ పాత పేజీని తీసేయాలో నిర్ణయించడం) దగ్గర ఆగిపోయాను. ఫ్రేమ్ అంటే మెమరీలో ఒక పేజీ పట్టే చోటు, కావాల్సిన పేజీ మెమరీలో లేకపోతే అది పేజీ ఫాల్ట్.

1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే వరుసలో పేజీలు అడిగితే, ఫిఫో (ముందు వచ్చిన పేజీని ముందు తీసేసే) పద్ధతిలో 3 ఫ్రేములతో 9 ఫాల్ట్‌లు, 4 ఫ్రేములతో 10 వచ్చాయి. దీన్నే బెలేడీ అనామలీ అంటారని తెలుసు. అదే వరుసకు ఎల్‌ఆర్‌యూతో (ఎక్కువసేపటి నుంచి వాడని పేజీని తీసేసే పద్ధతి) 10 నుంచి 8కి తగ్గాయి. లెక్కలో నాకు ఇబ్బంది లేదు. 5 వచ్చాక 3 ఫ్రేముల్లో 1, 2, 5 ఉన్నాయి. 4 ఫ్రేముల్లో మాత్రం 2, 3, 4, 5 ఉన్నాయి, వెంటనే కావాల్సిన 1 లేదు! పెద్ద మెమరీలో చిన్నదాని పేజీలన్నీ ఉండాలి కదా, ఫిఫో ఆ నియమాన్ని ఎందుకు తప్పుతుంది? మా సార్‌ని అడిగితే 'ఎల్‌ఆర్‌యూ స్టాక్ ఆల్గారిథమ్ (అంటే ఆ నియమం పాటించేది), ఫిఫో కాదు' అని రాస్తే మార్కులు వస్తాయన్నారు. వస్తాయి, కానీ నాకు అర్థం కావాలి.

ఇంకో డౌట్. క్లాక్ ఆల్గారిథమ్‌లో (పేజీలను గుండ్రంగా చూస్తూ, ఈమధ్య వాడినవాటికి ఇంకో అవకాశం ఇచ్చే పద్ధతి) అన్ని పేజీల రిఫరెన్స్ బిట్ (ఈమధ్య వాడారని చెప్పే గుర్తు) 1 ఉంటే అది ఫిఫోలాగే పనిచేస్తుంది కదా, మరి దానికీ ఈ సమస్య వస్తుందా? లైనక్స్ 6.1లో మల్టీ జెన్ ఎల్‌ఆర్‌యూ అనే కొత్త పేజీ రీప్లేస్‌మెంట్ పద్ధతి చేర్చారు. నిజమైన సిస్టమ్‌లో ఈ అనామలీని ఎవరైనా గమనించారా, లేక ఇది పరీక్షలకే పరిమితమా? కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం) మీద పనిచేసేవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. ఇంట్లో ఉబుంటు ఉంది, చిన్న ప్రోగ్రామ్ రాసి చూడమన్నా రాస్తాను. సూత్రం వద్దు, కారణం చెప్పండి చాలు.