అప్‌డేట్: పిల్లలకు 'హెసెద్' ఎలా చెప్పాలని అడిగాను కదా, క్లాసు అయిపోయింది

కిందటి నెల అడిగింది నేనే. న్యూజెర్సీలో ఒక యూదుల స్కూల్లో అసిస్టెంట్ టీచర్‌ని. ఐదో తరగతికి హెసెద్ అనే హీబ్రూ మాట, అంటే ప్రేమతో చేసే మేలు గురించి, ఉత్త నీతిబోధలా కాకుండా ఎలా చెప్పాలా అని టెన్షన్ పడ్డాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది బైబిల్లోని రూతు కథే. భర్త పోయిన పేదరాలు, పొలంలో కంకులు ఏరుకుని అత్తను పోషిస్తుంది. నేను ముందు 136వ కీర్తన ఎత్తుకున్నా. 26 వచనాల్లోనూ చివర హెసెద్ అన్న మాటే వస్తుంది. పిల్లలు హుషారుగా పాడారు గానీ అర్థం తలకెక్కలేదు. రూతు 2వ అధ్యాయంలో ఆ పొలం యజమాని బోయజు పనివాళ్లతో, పనల్లోంచి కొన్ని కంకులు కావాలనే లాగి పడేయండి, రూతు ఏరుకుంటుంది, ఆమెను ఏమీ అనకండి అంటాడు. (పరిగె ఏరుకోవడం గురించి మా అమ్మమ్మ చెప్పగా విన్నదే, అక్కడ కాస్త ధైర్యం వచ్చింది.) "ఒక బస్తా ఇచ్చేస్తే పోయేది కదా?" అన్నాడో పిల్లాడు. అంతే, అరగంట వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు.

స్కూల్ రబ్బీ (యూదుల మతగురువు) ఒక మాట కలిపారు. యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తల్ముద్ ప్రకారం దానం డబ్బుతో, పేదలకు, బతికున్నవాళ్లకే. హెసెద్ ఒంటి కష్టంతోనూ, ధనికులకూ, చనిపోయినవాళ్లకూ చేయొచ్చు. చనిపోయినవాళ్లకెలా అని అడిగితే, దేవుడే మోషేను పాతిపెట్టాడన్న ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయం చూపించారు.

హెసెద్‌కు తెలుగు బైబిల్లోని 'కృప' సరైన అనువాదమా అని మనం చేసుకున్న చర్చ మాత్రం క్లాసులో అస్సలు అక్కరకు రాలేదు. ఎవరికైనా ఈ పాఠం పడితే నేరుగా రూతు 2:15తో మొదలుపెట్టండి.