మే నెల సభకు వేదిక పైకప్పు: షామియానా చాలదా, ట్రస్ కావాలా?

హన్మకొండ పోరడు: మే రెండో వారంలో మా కాలేజీ పాత విద్యార్థుల సభ ఉంది. వేదిక 40 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు. ఒకరు ఇనుప పైపుల మీద షామియానా వేస్తామంటున్నారు. ఇంకొకరు అల్యూమినియం ట్రస్ (గొట్టాలను త్రికోణాలుగా అతికించిన దూలాల చట్రం) అంటున్నారు, ఖర్చు మూడింతలు. అంత అవసరమా?

టెంట్‌హౌస్ అన్న: ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు, బతుకమ్మ వేదికలకు షామియానాలే వేస్తున్నా. ఒక్కటీ పడలేదు. ట్రస్ ఫొటోలకు బాగుంటది, అంతే.

సౌండ్ తమ్ముడు: లైట్లు, స్పీకర్లు షామియానా పైపులకు వేలాడదీయమంటే మాత్రం నేను రాను.

కాజీపేట ఇంజినీర్: అన్నా, బతుకమ్మ వానాకాలం చివర్లో వస్తుంది. మేలో సాయంత్రం లేచే గాలిదుమారం వేరు. పైగా మీరిద్దరూ కప్పు గురించే కొట్లాడుతున్నారు, వెనక కట్టే ఫ్లెక్సీని మరిచిపోయారు. గాలి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో కొడితే చదరపు మీటరు మీద సుమారు 24 కిలోల ఒత్తిడి. 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ అంటే 74 చదరపు మీటర్లు. లెక్క 1,800 కిలోల దగ్గర తేలుతుంది. అది బ్యానర్ కాదు, తెరచాప! వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు.

టెంట్‌హౌస్ అన్న: నాలుగు మూలలా నీళ్ల డ్రమ్ములు కడతాం కదా తమ్మీ.

కాజీపేట ఇంజినీర్: డ్రమ్ముకు 200 లీటర్లు. నాలుగూ కలిపితే 800 కిలోలు. డ్రమ్ము నేల మీద జరిగితే ఆ బరువూ పూర్తిగా అక్కరకు రాదు. ట్రస్ అయినంత మాత్రాన గండం తప్పినట్టు కాదు. 2011 ఆగస్టులో అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో కూలింది ట్రస్ కప్పే, ఏడుగురు పోయారు. అక్కడ కూడా తీగలు కట్టిన కాంక్రీటు దిమ్మెలు గాలికి ఆగలేదు.

హన్మకొండ పోరడు: మరి ఏం చేయాలి సార్?

కాజీపేట ఇంజినీర్: ఎంత గాలికి ఆగుతుందో ట్రస్ ఆయన కాగితం మీద రాసిస్తే ట్రస్సే. మబ్బు కమ్మగానే జనాన్ని పక్కకు పంపి, చైన్ మోటార్లతో కప్పు దించే మనిషి అక్కడే ఉండాలి. ఆయన రాసివ్వనంటే కప్పే వద్దు, సభ ఏ హాల్లోనో పెట్టుకోండి. ఫ్లెక్సీ మాత్రం తాడు ఒక్కసారి లాగితే ఊడేలా కట్టించండి.

టెంట్‌హౌస్ అన్న: ఫ్లెక్సీ మీద స్పాన్సర్ పేరుంటది. సభ నడుస్తుంటే ఊడదీస్తే ఊరుకుంటాడా?

హన్మకొండ పోరడు: స్పాన్సర్‌తో రేపే మాట్లాడతా. తాడు లాగడానికి మాత్రం నువ్వే రావాలి అన్నా.