మన ఊరి ఫుట్‌బాల్ టీమ్ వెళ్లిపోయింది, ఇప్పుడు ఎవరికి కేకలు వేయాలి?

నేను చిన్నప్పటి నుంచి లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ మనిషిని. లండన్ మొహం చూసిందే లేదు, అది వేరే సంగతి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చాక మాత్రం పసుపు చొక్కా వేసుకుని గచ్చిబౌలి స్టేడియంలో గొంతు పోయేదాకా అరిచాను. 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ టీమ్‌తో. టెన్షన్‌కి టీవీ ముందు నిలబడే చూశా. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా స్కోరు సమం చేసే గోల్ కొట్టగానే చేతిలో చాయ్ కాస్తా సోఫా మీద పడింది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదే. ఆ మరక ఇంకా ఉంది, టీమే లేదు. 2025లో ఢిల్లీ వెళ్లి పేరు కూడా మార్చుకుంది. నేనూ ఢిల్లీ వైపే ఉండాలా?

—ఢిల్లీ ఏంటన్నా! మన హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి డెక్కన్ ఉందిగా. ఇంకో జాతీయ లీగ్ ఐ-లీగ్‌లో వరుసగా రెండుసార్లు రెండో స్థానం. అజీజ్‌నగర్‌లో వాళ్ల స్టేడియం డెక్కన్ అరీనాకి రా. జనం తక్కువ, కోచ్ అరుపులు కూడా వినిపిస్తాయి.

—మా తాతయ్యకి టీమ్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ దగ్గర 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. ఆర్సెనల్ అంటే ‘ఏ బస్తీ వాళ్లురా?’ అని అడిగేవాడు.

—(ప్రశ్న వేసింది నేనే) అజీజ్‌నగర్ మా మల్కాజిగిరి నుంచి చాలా దూరం అన్నా. అయినా ఒక మ్యాచ్‌కి వస్తా. పసుపు చొక్కాలోనే వస్తా, ఏమీ అనకండి.