‘సోదాహరణంగా వివరించండి’ అంటే అసలు ఏం రాయమని?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. తెలుగు పరీక్షలో ‘ఉత్వ సంధిని సోదాహరణంగా వివరించండి’ అని ఇచ్చారు. సూత్రం రాసింది, దాని కింద మూడు ఉదాహరణలు రాసింది. సగం మార్కులే వచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో ‘వివరణ లేదు’ అని రాశారు. సూత్రం ఉంది, ఉదాహరణలున్నాయి, ఇంకా వివరణ అంటే ఏమిటండీ? పిల్లకు చెబుదామంటే నాకే అర్థం కావడం లేదు.

ఒక సభ్యుడు:
మా రోజుల్లో దీన్ని ‘సోదా’, ‘హరణం’ అని విడదీసి నవ్వుకునేవాళ్లం. పోలీసులు వచ్చి ఇల్లంతా సోదా చేసి దొరికింది ఎత్తుకుపోవడం అన్నమాట.

జవాబు:
పరీక్షలో మార్కుల హరణమైతే నిజంగానే జరుగుతోంది లెండి.

శుభలేఖల్లో ‘సకుటుంబంగా విచ్చేయండి’ అని వేస్తారు కదా, అందులోని ‘స’యే ఇది. ‘స’, ‘ఉదాహరణ’ గుణసంధితో కలిసి ‘సోదాహరణ’ అయింది. శుభలేఖలో పిలుపు మీకు, కుటుంబం మీ వెంట వస్తుంది. ఈ ప్రశ్నలో పిలుపు వివరణకు, ఉదాహరణలు దాని వెంట రావాలి. మీ అమ్మాయి ఇంటిల్లిపాదినీ పంపించి తాను మాత్రం రాలేదు. పిల్లను అనడానికేమీ లేదు, గైడ్లలో ఉండేది కూడా అంతే.

వివరణ ఎక్కడ మొదలవ్వాలో ఆ సూత్రం మీదే చూద్దాం. బాలవ్యాకరణం (1858)లో చిన్నయసూరి మాట ఇది: ‘ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు’. ‘ఉత్తు’ అంటే పొట్టి ఉకారం. ‘అచ్చు’ అంటే ఏ అచ్చైనా సరే. ‘పరం’ అంటే తర్వాత రావడం. ఈ మూడింటికీ అర్థం చెప్పేస్తే సరిపోతుంది. చిక్కంతా ‘సంధియగు’ దగ్గరే. రెండు అచ్చులు ఎదురుపడితే ఏది పోతుంది, ఏది ఉంటుంది? ఈ సూత్రం ఆ మాట చెప్పదు. చెప్పనక్కర్లేదని సూరి అనుకున్నాడు, ఎందుకంటే సంధి పరిచ్ఛేదం మొదట్లోనే ‘పూర్వపరస్వరంబులకుఁ బరస్వరంబేకాదేశంబగుట సంధియనంబడు’ అని చెప్పి పెట్టాడు. ముందు అచ్చుకూ తర్వాతి అచ్చుకూ బదులుగా తర్వాతి అచ్చు ఒక్కటే నిలవడం సంధి అని దాని భావం. పుస్తకం వరసగా చదివేవాడికి ఇబ్బంది లేదు. మనం మధ్యలోంచి ఒక్క సూత్రాన్ని తెచ్చుకుని బట్టీ పడుతున్నాం కాబట్టి ఆ మెట్టు మనకు దొరకదు. వివరణ రాసేవాడి మొదటి పని ఆ మెట్టు మళ్లీ వేయడం. సూత్రాన్ని తేలిక మాటల్లోకి మార్చి రాసినంత మాత్రాన ఆ పని జరగదు.

అమ్మాయి చేత ఇలా రాయించి చూడండి:

‘పొట్టి ఉకారంతో ముగిసే పదం తర్వాత అచ్చుతో మొదలయ్యే పదం వస్తే, ఆ ఉకారం పోయి తర్వాతి అచ్చు నిలుస్తుంది. ‘నాలుగు’ చివర ‘ఉ’ ఉంది. తర్వాత ‘ఐదు’ వచ్చింది. ‘గు’లోని ‘ఉ’ పోయి, మిగిలిన ‘గ్’తో ‘ఐ’ కలిసి ‘నాలుగైదు’ అయింది. ఐదారు, ఆరేడు, ఏడెనిమిది కూడా ఇలా ఏర్పడినవే. ‘రెండు మూడు’ అన్నప్పుడు ‘రెండు’ చివర ఉకారం ఉన్నా, తర్వాత వచ్చింది హల్లు కాబట్టి సంధి జరగలేదు.’

రాముడతడు, సోముడితడు లాంటివి వదిలేసి అంకెలు ఎందుకు పట్టుకున్నానంటే, అవి పిల్ల నోట్లో రోజూ ఆడే మాటలు. ‘నాలుగైదు’ అనడం తనకు వచ్చు, దాన్ని సూత్రంతో ముడిపెట్టడమే మిగిలింది. ఇక చివరి వాక్యం చూడండి. సంధి జరగని ఉదాహరణ అది. ‘అచ్చు పరంబగునపుడు’ అనే షరతు సూత్రంలో ఎందుకు పెట్టారో దానితోనే తెలుస్తుంది. జరిగినవే పది ఇచ్చినా ఆ సంగతి బయటపడదు. రాముడతడు, సోముడితడు, వాడెక్కడ అని మూడు రాయడమంటే ఒకే ఉదాహరణను మూడుసార్లు రాసినట్టే. ఎర్ర ఇంకు అందుకే పడి ఉంటుంది.

మరొకరు:
మాస్టారూ, ‘రెండు మూడు’ సరే. మా ఇంట్లో ‘మూణ్ణాలుగు రోజులు’ అంటాం. ‘నాలుగు’లో మొదటిది హల్లే, అయినా ‘మూడు’లో ఉకారం ఎగిరిపోయింది. మీ వివరణ అక్కడ నిలబడుతుందా?

జవాబు:
ఈ ప్రశ్న ఎవరూ అడగరేమో అనుకున్నాను, సంతోషం. ‘మూణ్ణాలుగు’లో ఉకారం పోయిన మాట నిజమే. కానీ దాని చోట ఇంకో అచ్చు వచ్చి నిలవలేదు. రెండు హల్లుల మధ్య ఉకారం జారిపోయి, పక్కపక్కన పడిన డకార నకారాలు ‘ణ్ణ’ అయ్యాయి. పైగా మనకు ఇష్టమైతే ‘మూడు నాలుగు’ అని ఉకారంతోనే అనగలం. ‘నాలుగు ఐదు’ అని విడదీసి రాసినా నోరు మాత్రం ‘నాలుగైదు’ అనే అంటుంది. రెండు చోట్లా ఉకారమే పోయింది, పోయిన కారణాలు వేరు. అయితే మీ మాట వల్ల నా వాక్యం కొంచెం బిగించవచ్చు. ‘సంధి జరగలేదు’ అన్న చోట ‘ఉత్వ సంధి జరగలేదు’ అని ఉంటే మేలు.

దీనికంటే గట్టి ఆక్షేపణ ఇంకోటి ఉంది. ‘గురు’ చివర పొట్టి ఉకారం. తర్వాత ‘ఉపదేశం’. సూత్రం ప్రకారం ‘గురుపదేశం’ కావాలి. మనం ‘గురూపదేశం’ అంటాం. రెండు సంస్కృత పదాలు సంస్కృతం పద్ధతిలోనే సమాసమయ్యాయి కాబట్టి అక్కడ సవర్ణదీర్ఘం చెల్లుతుంది. అదే ‘గురు’ శబ్దానికి మన ‘వు’ చేరి ‘గురువు’ అయ్యాక, ‘గురువు ఉపదేశించాడు’ అంటే ‘గురువుపదేశించాడు’ అవుతుంది. అక్కడ దీర్ఘం లేదు, ఉత్వ సంధే. ఈ జంట ఒక్కటి పక్కపక్కన పెడితే, ఏది ఏ సంధి అని పిల్లలు తడబడటం సగం తగ్గుతుంది.

వ్యాఖ్యానానికి ఐదు లక్షణాలని సంస్కృతంలో పాత లెక్క ఒకటుంది. పదాలు విడదీయడం, వాటి అర్థం చెప్పడం, సమాసాలకు విగ్రహవాక్యం చెప్పడం, వాక్యాన్ని అన్వయించడం, ఆక్షేపణకు సమాధానం చెప్పడం. బడిలో ప్రతిపదార్థం, తాత్పర్యం పేరుతో మనం మొదటి నాలుగింటినీ ఏదో రకంగా నడిపిస్తూనే ఉన్నాం. ఐదోదాన్ని ఎప్పుడో వదిలేశాం. చదివేవాడు ‘మరి దీని సంగతేమిటి?’ అని ఎక్కడ ఆగుతాడో కనిపెట్టి అక్కడ సమాధానం పెట్టకపోతే అది వివరణ అనిపించుకోదని నా గట్టి అభిప్రాయం. వ్యాకరణానికే కాదు, గ్యాస్ బుక్ చేయడం ఎలాగో రాసినా ఇదే కొలత.

మొదట అడిగినవారు:
చాలా బాగుందండీ. కానీ ఇవన్నీ రాస్తే పేజీ నిండుతుంది. నాలుగు మార్కుల ప్రశ్నకు అంత రాస్తూ కూర్చుంటే మిగతా పేపర్ టెన్షన్.

జవాబు:
అన్నీ రాయమని కాదమ్మా. మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడని చెబుతారు. కాళిదాసు కావ్యాలకు ఆయన వ్యాఖ్యలు లేకుండా ఇప్పటికీ సంస్కృత పాఠం నడవదు. రఘువంశ వ్యాఖ్య మొదట్లో ఆయన తనకు తానే ఒక షరతు పెట్టుకున్నాడు: ‘నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే’. ఆధారం లేనిదేదీ రాయను, అవసరం లేనిదేదీ చెప్పను అని. అదే శ్లోకంలో, అంతా అన్వయం దారినే వ్యాఖ్యానిస్తానని కూడా అన్నాడు.

మన పిల్లల జవాబుల్లో ఆ రెండో సగమే తప్పుతోంది. ‘తెలుగు అతి ప్రాచీనమైన భాష. దేశభాషలందు తెలుగు లెస్స అన్నారు’ అని మొదలుపెడతారు. ఉత్వ సంధికీ దానికీ ఏమిటి సంబంధం? ఆ రెండు వాక్యాలు కొట్టేస్తే ‘రెండు మూడు’కు చోటు దొరుకుతుంది. నాలుగు మార్కులకు నేను పైన రాసిన పేరా చాలు. గురూపదేశం ఎనిమిది మార్కుల ప్రశ్నకు దాచుకోమనండి.

ఇంకొకరు:
ఇదే ఊపులో ‘వివరించండి’, ‘వర్ణించండి’, ‘చర్చించండి’ తేడా కూడా చెప్పేయండి. పోటీ పరీక్షల వాళ్లకు పనికొస్తుంది.

జవాబు:
క్లుప్తంగా చెబుతాను. వర్ణించమంటే కనిపించేటట్టు రాయాలి. వివరించమంటే ఎలా, ఎందుకు అన్నది తెలిసేటట్టు రాయాలి. చర్చించమంటే రెండు వైపుల వాదాలూ తూచాలి. సమర్థించమంటే ఒక వైపు నిలబడాలి. ‘విశదీకరించండి’కీ ‘వివరించండి’కీ తేడా వెతుక్కోనక్కర్లేదు. వివరించమన్న చోట మన అభిప్రాయం ఎవరూ అడగలేదు, అది గుర్తుంటే చాలు. నీటి కాలుష్యం ఎలా జరుగుతుందో వివరించమంటే చాలామంది ‘కాబట్టి మనమందరం నీటిని కాపాడుకోవాలి’ అని ముగిస్తారు. మంచి మాటే, అడగని మాట.

డాలస్ నుంచి ఒక సభ్యురాలు:
నాకూ ఒక సాయం కావాలి. మా గుడి పత్రికకు ‘ఇండియాలో ఉగాది ఒక రోజు, మనకు ఒక్కోసారి ఇంకో రోజు ఎందుకు?’ అని చిన్న వివరణ రాయాలి. ఇలా రాశాను: ‘మన పండుగలు తిథులను బట్టి వస్తాయి. తిథి చంద్రుని గమనాన్ని బట్టి మారుతుంది. అమెరికాకూ ఇండియాకూ సమయంలో తేడా ఉన్నందువల్ల పండుగ తేదీలు మారుతుంటాయి. మన పూర్వీకులు ఎంతో శాస్త్రీయంగా పంచాంగాన్ని రూపొందించారు.’ ఎలా ఉందండీ?

జవాబు:
నాలుగో వాక్యం మల్లినాథుడికి ఇచ్చేయండి, ఆయన కొట్టేస్తాడు.

మిగిలిన మూడూ తప్పు కాదు. కానీ చదివినవాళ్లు అంతకుముందు ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. సమయంలో తేడా ఉందని వాళ్లకు తెలుసు. హైదరాబాద్‌లో తెల్లారితే డాలస్‌లో రాత్రి. ఆ లెక్కన క్రిస్మస్ కూడా మారాలి కదా అని ఎవరైనా అడిగితే మీ వాక్యంలో సమాధానం లేదు. వదిలేసిన మెట్టు అక్కడుంది.

సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం ఒక తిథి. చంద్రుడి వేగం ఒకేలా ఉండదు కాబట్టి తిథి ఒకసారి 19 గంటల్లో అయిపోతుంది, ఒకసారి 26 గంటల దాకా సాగుతుంది. అది మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. గడియారాలు వేరు, అంతే. ఊరూరికీ మారేది సూర్యోదయం. ఆ రోజుకు ఏ తిథి అన్నది సూర్యోదయానికి ఏ తిథి నడుస్తోందో దాన్ని బట్టి చెబుతారు. ఈ రెండింటినీ కలిపే వాక్యం మీ పేరాలో లేదు.

ఇప్పుడు ఉదాహరణ. చైత్ర శుద్ధ పాడ్యమి మన టైము ప్రకారం మంగళవారం మధ్యాహ్నం 3కు మొదలై బుధవారం మధ్యాహ్నం 2కు ముగిసిందనుకోండి. హైదరాబాద్‌లో బుధవారం సూర్యోదయానికి పాడ్యమి ఉంది, కాబట్టి ఉగాది బుధవారం. డాలస్‌లో అదే పాడ్యమి మంగళవారం తెల్లవారుజామున 4:30కు మొదలై బుధవారం తెల్లవారుజామున 3:30కే అయిపోతుంది. అక్కడ పాడ్యమి చూసిన సూర్యోదయం మంగళవారానిదే. ఉగాది ఒక రోజు ముందు.

దాని పక్కనే మారని సందర్భం కూడా ఒకటి వేయండి. పాడ్యమి ఇక్కడ బుధవారం తెల్లవారుజామున 4కు మొదలై గురువారం తెల్లవారుజామున 5కు ముగిస్తే, రెండు చోట్లా బుధవారమే ఉగాది. అప్పుడు ‘ఒక్కోసారి’ అన్న మాటకు కూడా సమాధానం దొరుకుతుంది.

డాలస్ సభ్యురాలు:
అర్థమైంది, మళ్లీ రాస్తాను. మరి దీపావళి, శివరాత్రి కూడా సూర్యోదయం లెక్కేనా?

జవాబు:
కాదండీ. శివరాత్రికి అర్ధరాత్రి వేళ చతుర్దశి ఉండాలి, దీపావళికి సాయంత్రం అమావాస్య ఉండాలి, వినాయక చవితికి మధ్యాహ్నం చవితి ఉండాలి. మీ శీర్షికలో ఉగాది ఒక్కటే ఉంది కాబట్టి ఇవన్నీ అక్కడ పెట్టకండి. ‘సూర్యోదయం లెక్క అన్ని పండుగలకూ వర్తించదు’ అని ఒక్క వాక్యం వేస్తే చాలు. రాసింది ఇక్కడే పెట్టండి, తిథి గంటలు ఇంకోసారి చూస్తాను. మార్చి రెండో ఆదివారం నుంచి మీ గడియారం గంట ముందుకు జరుగుతుంది కాబట్టి తేడా పదిన్నర గంటలే అని లెక్క వేశాను, అది కూడా పేరాలో ఒక మాట అనండి.