55-250 లెన్సుతో కృత్తికలు: ట్రాకర్ కొనాలా, పెద్ద లెన్సు కొనాలా?

నంద్యాల_మిద్దె:

అన్నలకు, అక్కలకు నమస్తే. నా దగ్గర కానన్ 1500డి ఉంది, దాంతో వచ్చిన 18-55 కాక విడిగా కొన్న 55-250 లెన్సు ఉంది, మామూలు ట్రైపాడ్ ఒకటి. ఈ మధ్య రాత్రి భోజనాలయ్యాక మిద్దెక్కి కృత్తికలు తీస్తున్నా. 250 దగ్గర పెట్టి ఎఫ్/5.6, ఐఎస్ఓ 1600, ఒక సెకను. చిన్నగా చూస్తే బాగానే ఉంది గానీ జూమ్ చేస్తే ప్రతి చుక్కా గీతలా సాగింది, నెట్‌లో అందరి ఫోటోల్లో ఉండే ఆ నీలం పొగ అయితే జాడే లేదు. గీత పడకుండా ఎన్ని సెకన్లు ఇవ్వొచ్చో చెప్పే 500 రూల్ ప్రకారం 500ని ఫోకల్ లెంగ్త్ 250తో, మళ్లీ నా కెమెరా క్రాప్ ఫ్యాక్టర్ 1.6తో భాగిస్తే 1.25 సెకన్లు వస్తుంది, నేను అంతకంటే తక్కువే ఇచ్చా, మరి గీతలెందుకు పడుతున్నాయో అర్థం కావడం లేదు.

షాపులో అడిగితే 150-600 తీసుకోండి, ఈఎంఐ పెడతాం అంటున్నాడు. ఫ్రెండేమో లెన్సు కాదు, ట్రాకర్ (ఆకాశంతో పాటే కెమెరాని తిప్పే మోటారు పీఠం) కొను అంటాడు. నా చేతిలో ఉన్నది 20 వేలు. అసలు కృత్తికలు కాకుండా ఈ లెన్సుకి అందే క్లస్టర్లు (నక్షత్రాల గుంపులు) ఇంకేమైనా ఉన్నాయా?

రాత్రి_డ్యూటీ:

ముందు ఆ 150-600 సంగతి మర్చిపో తమ్ముడూ. ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ గీత పొడవవుతుందే తప్ప తగ్గదు, పైగా ఆ బరువుకి నీ ట్రైపాడ్ ఊగుతుంది.

500 రూల్ ఫిల్మ్ కాలం నాటిది. వైడ్ లెన్సుతో తీసి చిన్న ప్రింటు వేసుకునేవాళ్లకి అది చాలు, 24 మెగాపిక్సెల్ ఫోటోని స్క్రీన్ మీద వంద శాతానికి లాగి చూసేవాళ్లకి చాలదు. నీ కెమెరాలో ఒక పిక్సెల్ 3.7 మైక్రాన్లు. 206ని 3.7తో గుణించి 250తో భాగిస్తే పిక్సెల్‌కి సుమారు 3 ఆర్క్‌సెకన్లు వస్తుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). ఆకాశం సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది, కృత్తికలు ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సూటిగా ఆకాశంలో ఉండే రేఖ) 24 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాయి కాబట్టి అక్కడ కొంచెం తక్కువ, 13.7 అనుకో. అంటే నీ ఒక్క సెకనులో చుక్క నాలుగున్నర పిక్సెళ్లు సాగింది, నువ్వు చూస్తున్న గీత అదే. రెండు పిక్సెళ్ల లోపు ఉంటే కంటికి చుక్కలాగే కనిపిస్తుంది. 250 దగ్గర 0.4 సెకను పెట్టు, లేదంటే 135కి దిగి 0.8 పెట్టు. నేనైతే 135 అంటా.

ఒక్క ఫోటోలో ఏమీ కనిపించదు, అది మామూలే. రా ఫైల్‌లో వరసగా 400 తీసి డీప్‌స్కైస్టాకర్‌లోనో సిరిల్‌లోనో కలుపు, రెండూ ఫ్రీ. 400 కలిపితే నాయిస్ 20వ వంతుకి దిగుతుంది. చివర్లో లెన్సుకి మూత పెట్టేసి అదే ఐఎస్ఓ, అదే టైముతో ఒక 30 తీసుకో, వాటిని డార్క్‌లు అంటారు, సెన్సర్ వేడికి వచ్చే రంగు చుక్కల్ని తీసేయడానికి పనికొస్తాయి. ఐఎస్ఓ 1600 దాటొద్దు. 6400కి పోతే పెద్ద చుక్కలన్నీ సున్నం పూసినట్టు తెల్లగా అయిపోతాయి, అసలు అందం రంగుల్లోనే కదా ఉంది.

ఇక ఫోకస్. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. లెన్సు మీద ఆటోఫోకస్, స్టెబిలైజర్ రెండూ ఆఫ్ చెయ్యి. లైవ్ వ్యూలో రోహిణిని పట్టుకుని 10 రెట్లు పెంచి, రింగుని వెంట్రుకవాసి చొప్పున తిప్పు. చుక్క చిన్నదవుతూ వచ్చి ఒక చోట ఆగుతుంది, దాటిస్తే మళ్లీ ఉబ్బుతుంది. ఆ ఆగిన చోట, అప్పటిదాకా స్క్రీన్ మీద లేని సన్న చుక్కలు పక్కన ఒకటి రెండు పుట్టుకొస్తాయి, అవి వచ్చాయంటే ఫోకస్ కుదిరినట్టే. వెంటనే రింగు మీద మాస్కింగ్ టేప్ వేసెయ్. జూమ్ రింగు మీద కూడా వెయ్యాలి, ఎందుకంటే నెత్తి మీదికి ఎత్తి పెడితే లెన్సు గొట్టం సొంత బరువుకే మెల్లగా కిందికి జారుతుంది, 135లో మొదలుపెట్టిన వరస 120లో తేలుతుంది. రాత్రి చల్లబడుతుంటే గంటకోసారి ఫోకస్ మళ్లీ చూసుకో.

వడ్రంగి_చుక్కలు:

డ్యూటీ అన్న చెప్పిందంతా కరెక్టే గానీ 135కి దిగమనడం దగ్గర నేను ఒప్పుకోను. 250 దగ్గర ఎఫ్/5.6 అంటే వెలుగు దూరే రంధ్రం 45 మిల్లీమీటర్లు. 135 దగ్గర ఆ లెన్సు ఎఫ్/5 అనుకున్నా 27 మిల్లీమీటర్లే. వైశాల్యంలో రెండున్నర రెట్ల పైనే తేడా. టైము సగానికి తగ్గినా ఒక్కో నక్షత్రం నుంచి వచ్చే వెలుగు 250లోనే ఎక్కువ. క్లస్టర్ అంటే చుక్కలే కదా! నీలం పొగ లాంటి పరుచుకున్న వెలుగుకి ఎఫ్ నంబరు లెక్క, చుక్కలకి రంధ్రం లెక్క.

ట్రాకర్ విషయం. కొనే ముందు ఒక్కసారి ఉత్తరం వైపు చూడు. నంద్యాలలో ధ్రువ నక్షత్రం 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే పక్కింటి నీళ్ల ట్యాంకు వెనకో, మబ్బు పొరలోనో. అది కనిపించకపోతే పోలార్ అలైన్‌మెంట్, అంటే ట్రాకర్ ఇరుసుని ధ్రువం వైపు గురిపెట్టడం, కష్టం. ఇంకోటి, ట్రాకర్‌ని అంత కిందికి వంచితే కౌంటర్ వెయిట్ రాడ్ ట్రైపాడ్ కాలికి తగులుతుంది, 50 డిగ్రీల దగ్గర ఉండే యూరప్ వాళ్ల వీడియోల్లో ఈ బాధ కనిపించదు.

నీ 20 వేలు అట్లే ఉంచుకుని ముందు బార్న్ డోర్, అంటే ఇంట్లో చేసుకునే చెక్క ట్రాకర్, చేసుకో. రెండు చెక్కలు, తలుపుకి వేసే మడత బందు, ఒక ఎం6 బోల్టు. బందు ఇరుసు నుంచి బోల్టు దాకా సరిగ్గా 229 మిల్లీమీటర్లు పెట్టు. ఎం6 మర ఒక చుట్టుకి ఒక మిల్లీమీటరు కదులుతుంది కాబట్టి, నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై చెక్క ఆకాశంతో పాటే తిరుగుతుంది. ఆగకుండా మెల్లగా చేత్తో తిప్పుతూ ఉంటే 50 లెన్సుకి చాలు. బందు ఇరుసు ధ్రువం వైపు చూడాలి, అదొక్కటే షరతు. 250 లెన్సుకి మాత్రం చేత్తో తిప్పడం పనికిరాదు, మోటారు పెట్టాలి.

రాత్రి_డ్యూటీ:

వడ్రంగి గారూ, వెలుగు లెక్క ఒప్పుకుంటా. కానీ 0.4 సెకన్లవి 800 తీస్తే గానీ 5 నిమిషాల వెలుగు రాదు, 250 ఫ్రేము 5 డిగ్రీల వెడల్పు, ఎత్తు 3.4, గుంపేమో 2 డిగ్రీలు, అది నిమిషాల్లోనే అంచుకి చేరిపోతుంది. 5 నిమిషాలకోసారి ఫ్రేము సర్దుకోవాలి. కొత్తవాళ్లు చీకట్లో ట్రైపాడ్ తన్నేసేది అప్పుడే. 135లో 10 నిమిషాలకి పైనే వదిలెయ్యొచ్చు.

నంద్యాల_మిద్దె:

థాంక్స్ అన్నా, ఇద్దరికీ. 0.8 పెట్టి 135లో తీశా, గీతలు పోయాయి! టేప్ చిట్కా అయితే అదిరింది. నీలం పొగ మాత్రం కలిపాక కూడా రాలేదు. మా మిద్దె పక్కనే వీధిలైటు ఉంది, దానివల్లా? వచ్చే పౌర్ణమి దాకా సెలవులున్నాయి, ఊరి బయటికి వెళ్దామనుకుంటున్నా.

ఫిజిక్స్_టీచర్:

బాబూ, పౌర్ణమికి వద్దు. అందులోనూ కార్తీక పౌర్ణమికి అసలు వద్దు. పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడనే ఆ నెలకి ఆ పేరు, దీపం పక్కన పెట్టుకుని మిణుగురుల్ని వెతికినట్టుంటుంది. కార్తీక అమావాస్యకి వెళ్లు. చంద్రుడి గొడవ ఉండదు, కృత్తికలు పొద్దుగూకిన కాసేపటి నుంచి దాదాపు తెల్లవారేదాకా ఉంటాయి. పుష్యమికీ ఇదే లెక్క, పుష్య పౌర్ణమి నాడు చంద్రుడు అక్కడే ఉంటాడు.

నీలం పొగ అనేది ఆ నక్షత్రాల వెలుగు దుమ్ము మీద పడి చెదిరి వచ్చేది. ఒకప్పుడు పుట్టుకలో మిగిలిన దుమ్మే అనుకునేవారు, ఇప్పుడు దారిలో అడ్డొచ్చిన వేరే మేఘం అంటున్నారు. వీధిలైటు వెలుగు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి మిద్దె మీద నుంచి దాని కోసం తంటాలు పడకు. మిద్దె మీద నుంచి వచ్చేది వేరే ఉంది. రోహిణి చుట్టూ వి ఆకారంలో ఉన్న గుంపు హయడీస్, 150 కాంతి సంవత్సరాల దూరం, ఐదు డిగ్రీల పైనే వెడల్పు. రోహిణి ఆ గుంపులోది కాదు, 65 కాంతి సంవత్సరాల దగ్గరే ఉండి మధ్యలో అడ్డంగా నారింజ రంగులో మెరుస్తుంది. 100 దగ్గర తీస్తే ఆ రంగు తేడా చక్కగా వస్తుంది.

పుష్యమి దగ్గరి ఎం44 గుంపు (ఎం అంటే మెస్సియర్ జాబితాలో నంబరు) ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాయంత్రాలే దొరుకుతుంది, ఒకటిన్నర డిగ్రీ, 250కి కొలతిచ్చి కుట్టినట్టు సరిపోతుంది. పర్సియస్‌లో జంట గుంపులు, ఎన్‌జీసీ 869, 884, చలికాలం ఉత్తరం వైపు. అవి ధ్రువానికి దగ్గర కాబట్టి మెల్లగా జరుగుతాయి, 250లో కూడా 0.7 సెకన్ల దాకా ఇవ్వొచ్చు. 7,500 కాంతి సంవత్సరాల దూరం, తెల్ల చుక్కల మధ్య ఒకటి రెండు ఎర్రవి చూడు. సిరియస్‌కి నాలుగు డిగ్రీలు కింద ఎం41 ఉంది, అది తీసేటప్పుడు నాకు బేగంపేట గుర్తొస్తుంది. అక్కడి నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు అంతర్జాతీయ ఆకాశ పటం కోసం 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో (ఆకాశం ఫోటోలు తీసే దుర్భిణి) గాజు పలకల మీద ఫోటోలు తీశారు. మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ (మైనస్ అంటే ఖగోళ మధ్యరేఖకి దక్షిణం) హైదరాబాద్ వంతు, ఎం41 మైనస్ 20 దాటి సరిగ్గా అందులోనే పడుతుంది. స్టాకింగ్ లేదు, లైవ్ వ్యూ లేదు, కంటిని గైడ్ దుర్భిణికి ఆనించుకుని కూర్చునేవారు.

ఊరి బయటికి వెళ్తే మహానంది వైపు పొలాల దాకా చాలు, నల్లమల లోపలికి వద్దు. అది పులుల అభయారణ్యం, రాత్రి పూట పోనివ్వరు కూడా. ఇద్దరు కలిసి వెళ్లండి, బూట్లు వేసుకోండి.

డాలస్_నుంచి:

మిద్దె బ్రదర్, ట్రాకర్ ఉన్నవాడిగా ఒక మాట. నాకు ఇక్కడ ధ్రువుడు 33 డిగ్రీల ఎత్తులో హాయిగా కనిపిస్తాడు, 135 లెన్సుతో నిమిషం, నిమిషంన్నర ఎక్స్‌పోజర్లు ఇస్తా. నీలం పొగ వస్తుంది, కానీ ఊరు దాటి రెండు గంటలు కారులో పోయి, కనీసం గంట వెలుగు కలిపితేనే. ట్రాకర్ కొన్నా సరే ఇంటి ముందు నుంచి అది రాదు. అందుకే నీ 20 వేలలో మొదట పెట్రోలుకి తీసిపెట్టు.

ఇంకోటి, మీరంతా ఎక్కువగా ఉత్తరం గుంపులే చెప్పారు, అసలు లాటరీ మీకు దక్షిణం వైపు తగిలింది. ఒమేగా సెంటారి! ఇక్కడ అది 10 డిగ్రీలు కూడా లేవదు, లేచినా మసకలోనే మునుగుతుంది. నంద్యాలలో 27 డిగ్రీలు లేస్తుంది. ఆకాశంలోకెల్లా వెలుగైన గోళాకార గుంపు, 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో కోటి దాకా నక్షత్రాలు, చంద్రబింబం కంటే పెద్ద వెడల్పు. 250లో తీస్తే 700 పిక్సెళ్ల బంతి, అంచుల్లో రవ్వ రవ్వగా విడిపోతూ కనిపిస్తుంది. ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రికి నడినెత్తి రేఖ (ఉత్తర దక్షిణాల్ని కలిపే గీత, అక్కడే అన్నిటికంటే ఎత్తు) దాటుతుంది, మే మధ్యలో పదింటికే. ఎండాకాలం మసక వద్దనుకుంటే ఫిబ్రవరిలో తెల్లవారుజామున నాలుగుకి లే. వృశ్చికం తోక దగ్గర ఎం7, ఎం6 గుంపులు కూడా మీకు బాగా ఎత్తులో వస్తాయి, 135 ఫ్రేములో రెండూ కలిపి పట్టేస్తాయి.

నంద్యాల_మిద్దె:

ఒమేగా సెంటారి పేరే వినలేదు బ్రదర్, దక్షిణం వైపు మాకు పొలాలే, లైట్లు లేవు! మైనస్ 47 డిగ్రీల దగ్గర ఉంది అన్నారు కదా నెట్‌లో, మరి దానికి ఎంత టైము ఇవ్వాలి?

రాత్రి_డ్యూటీ:

ఉత్తరమైనా దక్షిణమైనా లెక్క ఒకటే, మధ్యరేఖకి దూరమయ్యేకొద్దీ మెల్లగా జరుగుతుంది. అక్కడ సెకనుకి 10 ఆర్క్‌సెకన్లు, 250లో 0.6 పెట్టు. కానీ 27 డిగ్రీలే కాబట్టి గాలి పొర మందం ఎక్కువ, చుక్కలు కొంచెం ఎర్రగా ఉబ్బి వస్తాయి, లెన్సుని తప్పు పట్టకు. అది నడినెత్తి రేఖ మీదికి వచ్చే గంటకి అటో అరగంట, ఇటో అరగంట తీసుకో, మిగతా టైములో తీసినవి స్టాక్‌లో కలపొద్దు.