కారు సీటు కింద ఆంప్లిఫయర్ (స్పీకర్లకు శబ్దం పెంచే పెట్టె) కదలకుండా బిగించడం ఎలా?

నిన్న శ్రీశైలం ఘాట్ దిగుతూ గట్టిగా బ్రేకు వేశాను. డ్రైవరు సీటు కిందున్న ఆంప్లిఫయర్ జారి వచ్చి నా మడమకు తగిలింది. పెడల్ కిందికి వెళ్లి ఉంటే? తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. బిగించినవారు వేసింది రెండువైపులా అంటుకునే టేపు మాత్రమే. ఎండకు జిగురు మెత్తబడి జీడిపాకంలా సాగుతోంది. నేలకు స్క్రూలు కొట్టించవచ్చా?

జవాబు: చూడకుండా కొట్టించకండి. నేల రేకు కింద బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టం ఉండవచ్చు. నేనైతే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోసి, ఆంప్లిఫయర్‌ను దానికి బిగించి, కారు అడుగు చూసి గొట్టాలు లేవని గుర్తించిన చోటే ఆ పలకను నేలకు బోల్టులతో పట్టించాను. రంధ్రాల అంచులకు తుప్పు పట్టకుండా రంగు వేయాలి. సీటు బోల్టుల కింద మాత్రం ఏ పట్టీ పెట్టవద్దు. ప్రమాదంలో మనిషిని ఆపేవి అవే.

మరో జవాబు: ముందు బ్యాటరీ తీగ తీసేయండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లుంటే ముట్టుకోకండి, చాలా కార్లలో అవి ఎయిర్‌బ్యాగువి. బిగించాక సీటును చివరిదాకా ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. నా కారులో సీటు జరిగే పట్టాల మధ్య నలిగి తీగ తొడుగు చిట్లింది. ఆంప్లిఫయర్‌కు వెళ్లే తీగకు బ్యాటరీ దగ్గరే, 45 సెంటీమీటర్లలోపు, ఫ్యూజు ఉందా?

అడిగినవారు: ఇప్పుడే చూశాను, ఫ్యూజే లేదు! ఆంప్లిఫయర్ తీసి పక్కన పెట్టాను. రేపు కారును పైకెత్తించి అడుగు చూసి, ప్రయాణికుడి సీటు కిందికి మారుస్తాను.