రాజమండ్రిలో ఆఫీసు పని: మధ్యాహ్నం మంచి మెస్, రాత్రి టిఫిన్ ఎక్కడ?

ఆగస్టులో ఆడిట్ పని మీద రాజమండ్రి వస్తున్నాను. బస దానవాయిపేట వైపు. భోజన విరామం ముప్పావు గంట, అందులోనే వెళ్లి రావాలి. పూటకు రెండొందలు దాటకూడదు, ఆఫీసు ఇచ్చే బత్తా అంతే.

మ్యాప్‌లో ‘రెస్టారెంట్’ అని వెతికితే ఏసీ హాళ్లు, బిర్యానీ, నూడుల్స్ పైకొస్తాయి. రేటింగ్ ఎక్కువున్నా అది ఫ్యామిలీ పార్టీలకు పడిన మార్కులే. అందుకే ‘మెస్’, ‘భోజనం’ అని తెలుగులో వెతికి, రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, జనం తీసిన విస్తరి ఫొటోలు చూస్తున్నాను. అయినా తేలనివి ఇవి:

మెస్సుల్లో కూరలు ఎన్నింటికి అయిపోతాయి? రెండు దాటాక వెళ్తే సాంబారు, పెరుగే మిగులుతాయా? పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి ఏ పూటకాపూట వండే చోటు చెప్పండి. నెయ్యి అడగకుండా వేస్తే మరీ సంతోషం. టోకెన్ పద్ధతా, కూర్చున్నాక డబ్బులా?

రాత్రికి దేవీచౌక్ దగ్గర పెసరట్టు, ఇడ్లీ బాగుంటాయంటారు. ఏ బండి, ఎన్ని గంటల దాకా?

గోదావరి వరదల కాలం కాబట్టి పులస చేప గురించి కూడా అడుగుతున్నాను. సముద్రంలో పట్టిన ఇలసనే పులస అని చెప్పి వడ్డించేవాళ్లున్నారు. అంత ధర పెట్టి మోసపోకుండా నమ్మకంగా వండించే చోటుందా? ఇది బత్తాలో రాదు, సొంత ఖర్చే.

పేరుతో పాటు వీధి, సెలవు రోజు కూడా రాయండి.